పాత ఓడకు టచ్ స్క్రీన్ పెడితే లీవర్ తీసేయాలా?

గాజువాక ఈటీవో:
నేను ఓడలో కరెంటు, ఎలక్ట్రానిక్స్ పనులు చూసే ఆఫీసర్ని (ఈటీవో). మా పాతికేళ్ల కార్గో ఓడ డ్రై డాక్‌కి, అంటే నీళ్లు తోడేసి ఓడని రిపేరు చేసే చోటికి రాబోతోంది. గాలి ఒత్తిడితో పనిచేసే పాత కంట్రోళ్లు, రిలే ప్యానెళ్లు అన్నీ పీకేసి పీఎల్‌సీ (యంత్రాల్ని నడిపించే చిన్న కంప్యూటర్), టచ్ స్క్రీన్లు పెడతారట. ప్యానెళ్లు మార్చాల్సిందే, అందులో నాకు అనుమానం లేదు. కానీ బ్రిడ్జి మీద, అంటే ఓడని నడిపే పై గదిలో, ఇంజిన్ వేగం మార్చే థ్రాటిల్ లీవర్ కూడా తీసేసి స్క్రీన్ మీదే వేగం పెంచడం, తగ్గించడం అంటున్నారు. అది వద్దని నా వాదన. మీరేమంటారు?

మధురవాడ ఆటోమేషన్:
అన్నా, సెంటిమెంట్ పక్కన పెట్టండి. ఆ పాత వాల్వులకి స్పేర్లు ఎక్కడ దొరుకుతున్నాయి? పాత ప్యానెల్‌లో ఒకేసారి నాలుగు బల్బులు వెలిగితే ముందు ఏది వెలిగిందో ఎవరికీ తెలీదు. కొత్తదైతే ప్రతి అలారం టైముతో సహా రికార్డవుతుంది. ఒక సిలిండర్ ఎగ్జాస్ట్ టెంపరేచర్ వారం నుంచి మెల్లగా పెరుగుతుంటే గ్రాఫ్‌లో కనిపిస్తుంది. ఎలాగూ ఇంజిన్ పక్కన లోకల్ కంట్రోల్ ఉండాలని సోలాస్ (ఓడల భద్రత మీద అంతర్జాతీయ ఒప్పందం) నియమమే ఉంది. ఇంక భయం దేనికి?

మల్కాపురం పాత చీఫ్:
బాబూ, స్క్రీన్ గురించి తర్వాత మాట్లాడదాం, ముందు కేబుళ్ల సంగతి చూడు. నేను చేసిన ఒక ఓడలో ఇలాగే కొత్త అలారం సిస్టమ్ పెట్టారు, వైర్లు మాత్రం పాతవే ఉంచారు. రోజూ రాత్రి రెండింటికి దొంగ అలారాలు. లేచి వెళ్లి చూస్తే ఏమీ ఉండదు. చివరికి బాయిలర్ వెనక ట్రేలో ఒక కేబుల్ వంచి చూస్తే పై తొడుగు అప్పడంలా విరిగి చేతిలోకొచ్చింది. మెగ్గర్ (కేబుల్ ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మీటరు) పెడితే ముల్లు సున్నా మీదే. డ్రాయింగ్‌లో ఆ కేబులే లేదు! మధ్యలో ఎవరో ఎప్పుడో లాగారు, కాగితం మీద రాయలేదు.

2024 మార్చిలో బాల్టిమోర్ వంతెనను గుద్దిన డాలి ఓడ సంగతి గుర్తుందా? అది 2015లో కట్టింది, పాతదేం కాదు. తీగ చివర తొడిగిన లేబుల్ అడ్డొచ్చి తీగ టెర్మినల్‌లోకి పూర్తిగా దిగలేదని దర్యాప్తులో తేల్చారు. కరెంటు పోయింది, వంతెన మీద పనిచేస్తున్న ఆరుగురు చనిపోయారు.

సింధియా ఫిట్టర్:
చీఫ్ గారు చెప్పింది నిజం. పాత ఓడ తెరిస్తేగాని లోపలేముందో తెలీదు. నేవీ సింధుకీర్తి సబ్‌మెరైన్‌ని విప్పి బాగుచేయడానికి (రీఫిట్) విశాఖలో మన హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది. ఇంకో మాట. పని ఆలస్యమైతే కోత పడేది ఎప్పుడూ చివర్లో టెస్టింగ్ రోజులకే.

గాజువాక ఈటీవో:
లీవర్ విషయానికొస్తాను. 2017 ఆగస్టులో సింగపూర్ దగ్గర అమెరికా యుద్ధనౌక జాన్ మెక్‌కెయిన్ ట్యాంకర్‌ని ఢీకొని పది మంది నావికులు పోయారు. టచ్ స్క్రీన్ మీద కంట్రోల్ ఒక సీటు నుంచి ఇంకో సీటుకి మారుస్తుంటే గందరగోళమైంది. స్టీరింగ్ పోయిందనుకున్నారు. వేగం తగ్గిస్తే ఒక ప్రొపెల్లరే తగ్గింది, ఓడ పక్కకి తిరిగిపోయింది. ఆ తర్వాత 2019లో ఆ నేవీయే మళ్లీ చేత్తో పట్టుకునే థ్రాటిళ్లు పెడతామంది. లీవర్ ఎక్కడుందో చీకట్లో కూడా చెయ్యి చెబుతుంది. స్క్రీన్ అయితే కళ్లతో చూడాలి. ఎదురుగా ట్యాంకర్ వస్తున్నప్పుడు కళ్లు బయట ఉండాలా, స్క్రీన్ మీదా?

మధురవాడ ఆటోమేషన్:
అక్కడ ట్రైనింగ్ సరిగా లేకపోవడం కూడా కారణమే అన్నా, అంతా స్క్రీన్ మీదకే తోయలేం. కానీ లీవర్ వరకు ఒప్పుకుంటాను. ఆ లీవర్‌ని పీఎల్‌సీకే కలపొచ్చు, ఖర్చు పెద్దగా పెరగదు. కేబుళ్లు మొత్తం మార్చాలంటే మాత్రం ఓనరు ఒప్పుకోడు.

మల్కాపురం పాత చీఫ్:
మొత్తం వద్దు. స్టీరింగ్, జనరేటర్లు, లూబ్ ఆయిల్, ఈ మూడింటి లైన్లూ కొత్తవి వేయించండి. మిగతావి మెగ్గర్ చూసి తేల్చండి.

గాజువాక ఈటీవో:
ఓడ వచ్చే వారం లంగరు వేస్తుంది. డాక్‌లోకి ఎక్కించక ముందే ఆ మూడు లైన్లకీ నేనే మెగ్గర్ పట్టి, రీడింగులు ఇక్కడ పెడతాను. ఫిట్టర్ గారూ, టెస్టింగ్‌కి కనీసం ఎన్ని రోజులు రాయించుకోమంటారు?