అప్‌డేట్: సీడీఎల్ ఎయిర్ బ్రేక్స్ పరీక్ష పాస్, లీకేజీ అంకెల చిక్కు తీరింది

అమెరికా సీడీఎల్ (లారీలు, బస్సులు నడిపే లైసెన్సు) ఎయిర్ బ్రేక్స్ పరీక్షకి గాలి లీకేజీ అంకెలు కలిసిపోతున్నాయని అడిగాను కదా, 25కి 23 వచ్చాయి. అందరికీ థ్యాంక్సండీ.

పనిచేసింది జంటల చిట్కానే: ఒంటి బండికి 2-3, ట్రైలర్ తగిలిస్తే 3-4. ఇంజన్ ఆపాక, నిమిషానికి ఇంతకు మించి పీఎస్ఐ (గాలి పీడనం కొలత) పడకూడదు. మొదటి అంకె పెడల్ వదిలినప్పుడు, రెండోది తొక్కిపట్టినప్పుడు. అసలు పొరపాటెక్కడంటే, తొక్కగానే గేజ్ ముల్లు ఒక్కసారి దిగుతుంది. దాన్నీ లీకేజీలో కలిపేస్తున్నాను. అది లెక్కలోకి రాదు, ముల్లు నిలబడ్డాకే నిమిషం మొదలు.

గాలి పీడనం తగ్గితే వెలిగే వార్నింగ్ లైటు 55 పీఎస్ఐకా, 60కా అన్న గొడవకి మూలం పాత ప్రాక్టీస్ యాప్. మీ రాష్ట్రం తాజా మాన్యువల్‌నే నమ్మండి. ఎస్-క్యామ్ (డ్రమ్ బ్రేకులోని ఎస్ ఆకారపు భాగం) బొమ్మ బట్టీ పట్టడం మాత్రం దండగ, ఒక్క ప్రశ్నా రాలేదు.