రాస్ప్‌బెర్రీ పైలో మెమరీ కార్డు ఏడాదికోసారి మార్చాల్సిందేనా?

మేడమీద_సోలార్:
ఇన్వర్టర్ రీడింగులన్నీ రాస్ప్‌బెర్రీ పై 4 అనే బుల్లి కంప్యూటర్లో, ఇంటి పరికరాల్ని చూసుకునే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్ పెట్టి దాచుకుంటున్నాను. కార్డు బాగున్నా సరే ఏడాదికోసారి మార్చెయ్యమని తెలిసినవాళ్లు అంటున్నారు. అంత అవసరమా?

గోదారి_గట్టు:
మార్చెయ్యండి. ఎస్‌ఎస్‌డీ అయితే ఎంత అరిగిందో చూసుకోవచ్చు, మామూలు మైక్రో ఎస్‌డీ చెప్పాపెట్టకుండా పోతుంది. కొన్ని వందల రూపాయలకి చూసుకుంటే రీడింగులన్నీ గోవిందా.

తీగల_పని:
ఏడాది లెక్క ఎక్కడిదండీ? కార్డు అరిగేది రోజుల్ని బట్టి కాదు, రాతల్ని బట్టి. ఇప్పుడొచ్చే కార్డుల్లో ఎక్కువగా ఉండే టీఎల్‌సీ ఫ్లాష్ (ఒక్కో గడిలో మూడు బిట్లు దాచే మెమరీ చిప్పు)లో ఒక్కో బ్లాకును చెరిపి రాయగలిగేది సుమారు 1,000 నుంచి 3,000 సార్లు. ఇన్వర్టర్ పంపేది నాలుగంకెలే అయినా కార్డు లోపల కొన్ని కిలోబైట్ల పేజీ మొత్తం రాయాల్సిందే, చెరిపేటప్పుడైతే అంతకన్నా ఎన్నో రెట్లు పెద్ద బ్లాకు. హోమ్ అసిస్టెంట్‌లో రీడింగులు దాచే రికార్డర్ మామూలుగా 5 సెకన్లకోసారి రాస్తుంది, దాన్ని 60 చెయ్యండి. అక్కర్లేని సెన్సర్లు తీసెయ్యండి (వైఫై సిగ్నల్ ఎంతుందో క్షణక్షణం రాసుకుని ఏం చేస్తారు?). 32 జీబీ చాలినా 128 కొనండి, అరుగుదల ఎక్కువ బ్లాకులకి పంచినట్టవుతుంది.

గోదారి_గట్టు:
60 చేస్తే కరెంటు పోయినప్పుడల్లా నిమిషం డేటా పోతుంది కదా?

తీగల_పని:
పోనీండి, గ్రాఫులో కనపడను కూడా కనపడదు. అసలు ప్రమాదం రాస్తుండగా కరెంటు పోవడం. ఏ డేటా ఎక్కడుందో కార్డు లోపల ఒక పట్టిక ఉంటుంది, అది చెడితే పై బూటే అవ్వదు, నిన్న కొన్న కార్డయినా అంతే. ఏటా కార్డుకి పెట్టే డబ్బుతో చిన్న యూపీఎస్ కొనుక్కోండి, 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు ఇచ్చేది.

మేడమీద_సోలార్:
డాష్‌క్యామ్‌ల (కార్లో పెట్టే కెమెరాల) కోసం అమ్మే హై ఎండ్యూరెన్స్ కార్డుల సంగతేంటి?

తీగల_పని:
మామూలువాటికన్నా నయమే. కాకపోతే దాని మీద వేసే గంటల లెక్క వీడియోని వరసగా రాయడానికి, మనలా చిల్లర రాతలకి కాదు. పై 4 యూఎస్‌బీ నుంచి బూట్ అవుతుంది, పాత ల్యాప్‌టాప్ ఎస్‌ఎస్‌డీ ఉంటే కార్డు గొడవే వద్దు.

గోదారి_గట్టు:
ఇవన్నీ ఓపికున్నవాళ్లకి. బ్యాకప్ కూడా తియ్యని బద్ధకస్తులకి ఏడాదికోసారి మార్చడమే దిక్కు.

తీగల_పని:
మార్చేటప్పుడు పాతదాన్ని కాపీ చెయ్యకుండా ఎలా మారుస్తారు? అదే బ్యాకప్పు. ఆ పని ఆటోమేటిక్‌గా పెట్టి ఫైలు వేరే మెషీన్‌లోకి పంపండి, కార్డు పోయిన రోజునే కొత్తది కొనుక్కోండి.