2020-21 లీగ్ వన్: లిల్ గెలిచిందా, పీఎస్జీ పోగొట్టుకుందా?

కార్నర్ ఫ్లాగ్:
ఫ్రాన్స్ ఫుట్‌బాల్ టాప్ లీగ్ అయిన లీగ్ వన్‌లో ఆ సీజన్ మాటొస్తే చాలు, మా గ్యాంగ్‌లో గొడవే. లిల్‌కి 83 పాయింట్లు, పీఎస్జీ (పారిస్ సెయింట్ జర్మెన్)కి 82. లిల్ గొప్పగా ఆడి గెలిచిందని నేను, పీఎస్జీ చేజేతులా వదిలేసిందని వాళ్లు. మీరేమంటారు?

పారిస్ పిచ్చి:
వదిలేసిందే. 2020 ఆగస్టు 23న చాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడాం, ఊపిరి పీల్చుకునేలోపే కొత్త సీజన్. కోవిడ్ వల్ల నెయ్‌మార్, ఎంబాపె లేకుండా లాన్స్‌లో ఓడాం. డిసెంబర్‌లో కోచ్ టుకెల్‌ని తీసేశారు, పొచెటినో వచ్చాడు. లీగ్‌లో 8 ఓటములు! అలాంటి ఏడాది ఎవరైనా గెలిచేవాళ్లు.

అర్ధరాత్రి మ్యాచ్:
అన్నా, అలసట, కోవిడ్, కోచ్ మార్పు అన్నీ ఒప్పుకుంటా. ‘ఎవరైనా గెలిచేవాళ్లు’ అన్నారు చూడండి, అది మాత్రం ఒప్పుకోను. 2021 ఏప్రిల్ 3న లిల్ పారిస్ వెళ్లి 1-0తో గెలిచింది. గోల్ జోనథన్ డేవిడ్‌ది. ఆ మ్యాచ్ డ్రా అయ్యుంటే పీఎస్జీ 83, లిల్ 81. లెక్క మీరే చూసుకోండి. ఎవరో పారేసింది ఏరుకోలేదు వాళ్లు, ఇంటికెళ్లి మరీ తెచ్చుకున్నారు.

పైగా సీజన్‌కి ముందు, 2020 వేసవిలోనే ఒసిమెన్‌ని నాపోలికి, గాబ్రియేల్‌ని ఆర్సెనల్‌కి అమ్మేశారు. అటు గోల్స్ కొట్టేవాడు పోయాడు, ఇటు ఆపేవాడూ పోయాడు. వచ్చిందెవరు? 35 ఏళ్ల బురాక్ యిల్మాజ్, 20 ఏళ్ల బాట్మన్. ఆ బాట్మన్ పక్కన 37 ఏళ్ల ఫాంటే. వెనక గోల్‌కీపర్ మెన్యాన్. ఈ జట్టు 38 మ్యాచ్‌ల్లో ఇచ్చింది 23 గోల్సే! మెన్యాన్ 21 మ్యాచ్‌ల్లో ఒక్క గోలూ ఇవ్వలేదు. కోచ్ గాల్టియే ఈ జట్టుని ఎలా అతికాడో తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఏప్రిల్ 25న లియాన్‌లో ఆడిన మ్యాచ్ మరీనూ. మనకి రాత్రి పన్నెండున్నరకి మొదలైంది. 35 నిమిషాలకే 2-0 వెనకబడ్డారు, రెండోది ఫాంటే సెల్ఫ్ గోల్. టీవీ కట్టేసి పడుకుందామనుకున్నా. సరిగ్గా సగం ఆట ముగిసే ముందు యిల్మాజ్ దూరం నుంచి ఫ్రీకిక్ కొట్టాడు, నేరుగా నెట్‌లో పడింది. తర్వాత డేవిడ్ సమం చేశాడు. 85వ నిమిషంలో మళ్లీ యిల్మాజ్: ముందుకొచ్చిన కీపర్ మీదుగా బంతిని నెమ్మదిగా లేపాడంతే. 3-2. స్టాండ్స్‌లో జనం లేరు, ఆటగాళ్ల కేకలే మైకుల్లో వినిపించాయి.

పారిస్ పిచ్చి:
ఏప్రిల్ 3 సంగతికి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నా. కానీ అంత గొప్ప జట్టయితే మరుసటి ఏడాది పదో స్థానానికి ఎందుకు పడిపోయింది?

కార్నర్ ఫ్లాగ్:
మా వాళ్లూ ఇదే అడుగుతారు.

అర్ధరాత్రి మ్యాచ్:
మరుసటి ఏడాది ఆడింది ఆ జట్టు కాదన్నా. గాల్టియే నీస్‌కి, మెన్యాన్ మిలన్‌కి, సుమారే లెస్టర్‌కి వెళ్లిపోయారు. ఒసిమెన్, గాబ్రియేల్ పోయినప్పుడు మళ్లీ అతికిన మనిషే ఈసారి లేడు. నేను చెప్పేది ఆ 38 మ్యాచ్‌ల గురించే. అందులో లిల్ ఓడినవి మూడు.