పాత 486 కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ బదులు సీఎఫ్ (కాంపాక్ట్ ఫ్లాష్) కార్డ్ పెట్టా, బూట్ అవ్వట్లేదు

డీటీపీ_కొట్టు: నాన్న షాపులో వాడిన 486ని అటక మీంచి దించా. 420 ఎంబీ హార్డ్ డిస్క్ ఆన్ చేస్తే టక్ టక్ అని కొట్టుకుని ఆగిపోతోంది, ఇంక దాని పని అయిపోయిందనుకుని పాత కెమెరాలోని 4 జీబీ కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు తీసి ఐడీఈ (పాత హార్డ్ డిస్క్ కేబుల్) అడాప్టర్‌లో గుచ్చా. డాస్ 6.22 (పాత ఆపరేటింగ్ సిస్టమ్) ఫ్లాపీతో పార్టిషన్, ఫార్మాట్ అన్నీ అయ్యాయి, సిస్టమ్ ఫైళ్లూ ఎక్కించా, ఫ్లాపీతో బూట్ చేస్తే సి డ్రైవ్ చక్కగా కనిపిస్తోంది కానీ ఫ్లాపీ తీసేస్తే నల్ల స్క్రీన్ మీద కర్సర్ ఒక్కటే కొట్టుకుంటోంది. పైగా 4 జీబీ కార్డుని 504 ఎంబీ అంటోంది. కార్డు పోయిందా?

ఫ్లాపీ_బాబాయి: కార్డుకేం కాలేదు బ్రో. కెమెరా కార్డు మొదటి సెక్టార్లో మామూలుగా డాస్ బూట్ కోడ్ ఉండదు, కానీ చివర్లో గుర్తు ఉంటే ఎఫ్‌డిస్క్ (పార్టిషన్లు చేసే డాస్ ప్రోగ్రామ్) అంతా బాగానే ఉందనుకుని కోడ్ రాయకుండా వదిలేస్తుంది. ఫ్లాపీతో బూట్ చేసి ఎఫ్‌డిస్క్ అని కొట్టి స్పేస్ ఇచ్చి స్లాష్ ఎంబీఆర్ కొట్టు, ఆ కోడ్ రాసేస్తుంది. పార్టిషన్ యాక్టివ్‌లో (అంటే బూట్ అయ్యేది ఇదే అని గుర్తు పెట్టి) ఉందో లేదో కూడా చూస్కో. 504 అనేది మీ బయాస్ (ఆన్ చేయగానే ముందు నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్) లిమిట్: 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు, అంతకుమించి దానికి లెక్క రాదు. డాస్‌కి అదే ఎక్కువ, మిగతాది పోనీ.

సోల్డర్_పొగ: అదంతా సరే గానీ ముందు బోర్డు మీద పీపా ఆకారంలో చిన్న బ్యాటరీ ఉందేమో చూడన్నా. ఆ నికెల్ కాడ్మియం బ్యాటరీ కారి పచ్చగా చిలుము పట్టి ట్రాకులు తినేస్తుంది, నా బోర్డు ఒకటి అట్లనే పోయింది. ఇంకోటి, కార్డే కదా అని పెన్‌డ్రైవ్ లాగా ఆన్‌లో ఉండగా పీకకు.

రాతబల్ల: రాతలకి కార్డు అరిగిపోదా?

ఫ్లాపీ_బాబాయి: ఉత్త డాస్ అయితే భయం లేదు, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద రాస్తూ ఉండడం) అనేదే లేదు కదా. విండోస్ 3.1 వేస్తే మాత్రం వర్చువల్ మెమరీ ఆపేసుకోవడం మంచిది, ర్యామ్ సరిపోతే.

డీటీపీ_కొట్టు: బూట్ అయింది బాబాయ్! చప్పుడే లేదు, ఫ్యాన్ ఒక్కటే వినిపిస్తోంది. బ్యాటరీ నిజంగానే కారింది, కట్ చేసి తీసేసి వెనిగర్‌తో తుడిచా. కానీ ఇప్పుడు ఆపిన ప్రతిసారీ తేదీ 1980కి పోతోంది, సిలిండర్లు హెడ్లు మళ్లీ మొదట్నించీ కొట్టాల్సొస్తోంది.

సోల్డర్_పొగ: బోర్డు మీద బయటి బ్యాటరీకి 4 పిన్నులుంటాయి, చాలా బోర్డుల్లో. దానికి 3 ఏఏ సెల్స్ డబ్బా తగిలించు, జంపర్ (పిన్నుల్ని కలిపే చిన్న ముక్క) మార్చు. పాత బ్యాటరీ చోట కాయిన్ సెల్ మాత్రం నేరుగా అతికించకు, బోర్డు దాన్ని చార్జ్ చేయబోతుంది.