డీజిల్ కారు ఫ్లైవీల్ అరిగింది: డ్యూయల్ మాసే వేయించాలా, సింగిల్ మాస్‌కు మారాలా?

ప్రశ్న (అనకాపల్లి):
అందరికీ నమస్కారం. లక్షన్నర కిలోమీటర్లు దాటిన మా డీజిల్ కారులో ఇంజన్ ఆపేటప్పుడు గేర్‌బాక్స్ వైపు నుండి దడదడమని చప్పుడు వస్తోంది. ఐడిల్‌లో ఉన్నప్పుడు వచ్చే టకటక శబ్దం మాత్రం క్లచ్ నొక్కితే తగ్గుతోంది. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (ఇంజన్‌కూ క్లచ్‌కూ మధ్య తిరిగే బరువైన చక్రం; మధ్యలో స్ప్రింగులతో కలిపిన రెండు పళ్లేలు ఉంటాయి) అరిగిందనీ, దాని బదులు ఒకే పళ్లెం ఉండే సింగిల్ మాస్ కిట్ వేస్తే ఖర్చు తగ్గడమే కాక మళ్లీ ఈ బెడద రాదనీ మెకానిక్ గారు అంటున్నారు. పాడేరు ఘాట్ మీద తరచుగా తిరిగే బండి. ఇంకా చాలా ఏళ్లు ఉంచుకోవాలని ఉంది. తెలిసినవారు సలహా ఇవ్వగలరు.

జవాబు 1:
క్లచ్ నొక్కగానే శబ్దం తగ్గడం గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ అరిగినా జరుగుతుంది కాబట్టి, గేర్‌బాక్స్ దింపాక కొలిచి చూడకుండా ఫ్లైవీల్ కొనకండి. ఫ్లైవీల్ వెనుక పళ్లేన్ని చేత్తో ఇటూ అటూ తిప్పి ఆటను (ఎంత కదులుతోందో), ముందుకు వెనక్కు ఊపి వదులును చూడాలి. కొంత ఆట ఉండటం సహజమే. ఎంతవరకు ఉండవచ్చో మీ మోడల్ సర్వీస్ పుస్తకంలో ఉంటుంది. గ్రీజు బాగా బయటికి వచ్చినా, క్లచ్ ప్లేటు ఆనే ముఖం మీద నీలి మచ్చలతో పగుళ్లు కనిపించినా ఫ్లైవీల్‌ను మార్చవలసిందే.

జవాబు 2:
మా సరుకు బండికి సింగిల్ మాస్ వేయించాము, బాగానే పనిచేస్తోంది. అయితే పాత క్లచ్ ప్లేటును దానితో వాడకూడదు. మధ్యలో స్ప్రింగులు ఉన్న ప్లేటే కావాలి. ఐడిల్‌లో శబ్దం, స్టీరింగ్ వరకు కొంత అదురు తప్పవు.

జవాబు 3:
పై వారి అనుభవాన్ని గౌరవిస్తూనే, ఈ కారుకు డ్యూయల్ మాసే వేయించమని గట్టిగా చెబుతాను. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేలోగా రెండు పేలుళ్లే జరుగుతాయి; డీజిల్‌లో ఆ తోపు మరీ బలంగా ఉంటుంది. ఆ కుదుపును రెండు పళ్లేల మధ్యనున్న పొడవైన స్ప్రింగులు మింగుతాయి. క్లచ్ ప్లేటులోని చిన్న స్ప్రింగులు అంత భారం మోయలేవు గనుక మిగిలినది గేర్‌బాక్స్ మీద పడుతుంది. చాలా ఏళ్లు ఉంచుకునే బండిలో అక్కడ ఆదా చేయడం నాకు సమ్మతం కాదు.

అంతకన్నా ముఖ్యం, ఇది ఎందుకు అరిగిందన్నది. ఘాట్ ఎక్కేటప్పుడు పై గేరులో, తక్కువ ఆర్‌పీఎంలో యాక్సిలరేటర్ బలంగా తొక్కితే ఆ స్ప్రింగులకు అదే పెద్ద శిక్ష. ఇంజెక్టర్లు సిలిండర్లలోకి డీజిల్‌ను సమంగా కొట్టకపోయినా, బ్యాటరీ నీరసించి ఇంజన్ మెల్లగా తిరుగుతూ స్టార్ట్ అయినా కొత్తది కూడా త్వరగా పోతుంది. క్లచ్ సెట్టు, రిలీజ్ బేరింగ్ (పెడల్ నొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసే బేరింగ్) ఇప్పుడే మార్చండి. క్రాంక్‌షాఫ్ట్ వెనుక ఆయిల్ సీల్ చూడండి. ఫ్లైవీల్ బోల్టులు కొత్తవే వేయించండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ముందు ఇంజెక్టర్లు పరీక్ష చేయిస్తాను. గేర్‌బాక్స్ దింపాక నా ఎదుటే ఆట కొలవమని మెకానిక్ గారిని అడుగుతాను. అరుగుదల తేలితే డ్యూయల్ మాసే వేయిస్తాను.