‘డొమెస్టీక్’కు తెలుగు మాట ‘బంటు’ అని ఎందుకు అంటున్నాను

టూర్ డి ఫ్రాన్స్ వంటి సైకిల్ పందేలలో తన గెలుపు కోసం కాక తన జట్టు నాయకుడి గెలుపు కోసం తొక్కే సైకిలిస్టును ఫ్రెంచివారు ‘డొమెస్టీక్’ అంటారు. దానికి తెలుగులో ఏమనాలని ఒక మిత్రుడు వేసిన ప్రశ్నకు మన ఈ చర్చావేదికలో ఇప్పటివరకు ‘సహాయకుడు’, ‘సేవకుడు’, ‘అనుచరుడు’, ‘తోడు’ అనే నాలుగు సమాధానాలు వచ్చాయి. నేను ‘బంటు’ అన్న మాటను ప్రతిపాదిస్తున్నాను. అది పాతబడిన మాట అని, చులకన మాట అని కొందరు వెంటనే అభ్యంతరం చెప్పారు కనుక నా కారణాలను కాస్త విస్తరంగా రాయవలసి వస్తోంది.

ముందు ఆ నాలుగు మాటల సంగతి చూద్దాం. జట్టులో సైకిళ్ళు బాగుచేసేవాడూ సహాయకుడే, కాళ్ళు మర్దనా చేసేవాడూ సహాయకుడే కాబట్టి ఆ మాట పందెంలో పాల్గొనే మనిషిని వేరుచేసి చూపదు. ‘సేవకుడు’లో పోరాటం లేదు. ‘తోడు’ చక్కని మాటే గాని అందులో ఇద్దరూ సమానులన్న ధ్వని ఉంది. అన్నిటికన్నా పొరపాటు ‘అనుచరుడు’ దగ్గర జరుగుతోంది, ఎందుకంటే అనుచరుడు వెనుక నడిచేవాడు, కానీ ఈ పందెంలో వెనుక వచ్చేది నాయకుడు. గాలిని ఛాతీతో చీల్చుకుంటూ ముందు వెళ్ళేవాడు డొమెస్టీక్, ఆ చక్రానికి జానెడు దూరంలో తన చక్రాన్ని నిలుపుకొని శక్తి దాచుకుంటూ వచ్చేవాడు నాయకుడు.

ఈ పందెం నడిచే తీరు తెలియనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. టూర్ మూడు వారాలపాటు 21 మజిలీలుగా సాగుతుంది, అన్ని మజిలీల కాలాన్ని కలిపితే ఎవరిది తక్కువ వస్తుందో వారే విజేత. జట్టుకు 8 మంది ఉంటారు, ఆ 8 మందిలో సాధారణంగా ఒక్కరికే పసుపు చొక్కా, అంటే మొత్తం కాలంలో అందరికన్నా ముందున్నవారు వేసుకునే చొక్కా, ఆశ ఉంటుంది. మిగిలినవారు ఎదురుగాలిలో ముందుండి లాగుతారు, వెనుక వచ్చే జట్టు కారు దగ్గరకు జారి నీళ్ళ సీసాలు అందుకొని, జేబులు నిండాక చొక్కా లోపల కూడా వీపున కుక్కుకొని, ఆ బరువుతో మళ్ళీ గుంపును దాటుకుంటూ నాయకుడి దగ్గరకు చేరతారు, నాయకుడి చక్రం పగిలితే తమ చక్రాన్ని, అవసరమైతే తమ సైకిలునే ఇచ్చి దారి పక్కన నిలబడతారు. 1934లో ఇరవై ఏళ్ళ రెనె వియెట్టొ పిరనీ పర్వతాల్లో తన జట్టు నాయకుడు ఆంటొనిన్ మాన్యకు ముందుచక్రం విప్పి ఇచ్చి, వేరే చక్రం వచ్చేదాకా రాతిగోడ మీద కూర్చొని ఏడ్చాడు, మరునాడు అదే మాన్య కోసం వెనుదిరిగి వెళ్ళి తన సైకిలును కూడా ఇచ్చాడు. ఆ ఏడు టూర్ గెలిచింది మాన్య. గోడ మీద కూర్చున్న వియెట్టొ ఫొటో మాత్రం ఫ్రాన్స్‌లో నేటికీ మరుగున పడలేదు.

ఇక ఫ్రెంచి మాట పుట్టుక చూస్తే, అది తిట్టుగానే మొదలైంది. అప్పట్లో ఈ పందెం ఎవరికి వారే తొక్కవలసినదని, మరొకరికి సాయపడటం మోసమని నిర్వాహకుడు ఆంరి డెగ్రాంజ్ గట్టిగా నమ్మేవాడు. 1911లో మారిస్ బ్రోకో అనే సైకిలిస్టు తన గెలుపు ఆశ పోయాక వేరొకరికి సాయపడటానికి ఒప్పుకున్నాడని కోపగించి, అతడు ఉత్త ఇంటి పనివాడని డెగ్రాంజ్ ఈసడించినట్టు చెబుతారు. ఆ తిట్టే క్రమంగా పదవి పేరైంది. ఇటలీవారు ఇదే మనిషిని ‘గ్రెగారియో’ అంటారు, దాని వెనుక ఉన్న లాటిన్ మాటకు అర్థం సాధారణ పదాతి సైనికుడు. జర్మన్‌లో ‘నీళ్ళు మోసేవాడు’ అనే మాట ఉంది. డచ్చివారి మాట ‘క్నెహ్ట్’, అంటే పనివాడు. అయితే ఆ మాటకు రక్తసంబంధమున్న ఇంగ్లీషు మాట ‘నైట్’, కత్తి పట్టిన గౌరవనీయుడైన యోధుడు. ఒకే మూలం ఒక భాషలో కొలువులో ఉండిపోయి మరొక భాషలో రణరంగానికి ఎక్కింది.

‘బంటు’ చరిత్ర సరిగ్గా ఇలాంటిదే, అందుకే నాకు ఆ మాట మీద అంత గురి. భటుడు, సేవకుడు అనే రెండు అర్థాలూ దానిలో విడదీయరానంతగా కలిసి ఉన్నాయి. కిందికి జారిన రూపం ‘బంట్రోతు’, కచేరీ గుమ్మం దగ్గర బిళ్ళ తగిలించుకొని నిలబడిన మనిషి. పైకెక్కిన రూపం ‘రామబంటు’, సముద్రం దాటినవాడు. ‘నమ్మినబంటు’ అని ఎవరినైనా అంటే నేటికీ అది పొగడ్తే గాని తక్కువ చేయడం కాదు. రాజుకు ఎదురుగా ఏ మాట నిలపాలని అన్నమయ్య చూసినప్పుడు ఆయనకు తట్టింది కూడా ఇదే: రాజు నిద్రించే నిద్రా ఒకటే, ‘అండనే బంటు నిద్ర’ అదీ ఒకటే అన్నాడు. ఆ ‘అండనే’ అన్న చిన్న మాటను గమనించమని కోరుతున్నాను. బంటు ఉండే చోటు రాజు పక్కన. త్యాగరాజు రాముణ్ణి బంటు కొలువు అడిగినప్పుడు ఆ కొలువుకు తగిన కవచాన్నీ ముద్రబిళ్ళనూ ఖడ్గాన్నీ కూడా వర్ణించాడు, అంటే ఆయన మనసులో ఉన్నది సాయుధుడైన బంటు. చులకన అనే అభ్యంతరం ‘బంట్రోతు’ నీడ వల్ల వచ్చినదే తప్ప ‘బంటు’లో స్వతహాగా లేదు.

మాట సరిపోతుందో లేదో తేల్చడానికి నిఘంటువు ఒక్కటే చాలదు, పందెంలో దింపి చూడాలి. అందుకు 2022 జులై 13న జరిగిన టూర్ 11వ మజిలీకి మించినది నాకు కనబడదు. ఆ రోజు ఉదయం పసుపు చొక్కా స్లొవేనియాకు చెందిన తదేయ్ పొగాచర్ ఒంటి మీద ఉంది, డెన్మార్క్‌కు చెందిన యోనాస్ వింగెగార్డ్ అతని కన్నా 39 సెకన్లు వెనుక ఉన్నాడు. అంతకు ముందు రెండేళ్ళూ టూర్ గెలిచిన పొగాచర్‌ను ఎదురెదురుగా కొండ మీద ఓడించడం కష్టమని వింగెగార్డ్ జట్టు జంబో–విస్మాకు తెలుసు. అందువల్ల వారు చివరి కొండ కోసం ఆగకుండా మధ్యలో ఉన్న గాలిబియె కనుమ దారిలోనే పోరు మొదలుపెట్టారు. వింగెగార్డ్ ఒకసారి, అతని సహచరుడు ప్రిమోజ్ రోగ్లిచ్ ఒకసారి, మళ్ళీ వింగెగార్డ్, మళ్ళీ రోగ్లిచ్ దూసుకుపోతూ ఉంటే, సహచరులు దూరమై ఒంటరిగా మిగిలిన పొగాచర్ ప్రతిసారీ తానే లేచి వెంటాడవలసి వచ్చింది. అతని జట్టు అప్పటికే కోవిడ్ వల్ల ఇద్దరిని ఇంటికి పంపింది. చివరి ఎక్కుడు కోల్ డు గ్రానోన్ మీద, ముగింపు ఇంకా ఐదు కిలోమీటర్ల లోపు ఉందనగా వింగెగార్డ్ కదిలాడు, పొగాచర్ వెంట వెళ్ళలేకపోయాడు. ఆ కొద్ది దూరంలోనే 2 నిమిషాల 51 సెకన్లు చేజారాయి, పసుపు చొక్కా చేతులు మారింది. ఆ మూడు వారాల మొత్తం తేడా పారిస్‌లో 2 నిమిషాల 43 సెకన్లు అని గుర్తుంచుకుంటే ఆ ఒక్క మధ్యాహ్నం విలువ తెలుస్తుంది.

ఇందులో రోగ్లిచ్‌ను ఏమనాలి? అతడు అప్పటికే మూడుసార్లు స్పెయిన్ మహా పందెం వుయెల్టా గెలిచిన మనిషి. 2020 టూర్‌లో పసుపు చొక్కాతో 57 సెకన్ల ఆధిక్యంలో ఉండి, చివరి రోజుకు ముందురోజు లా ప్లాంష్ కొండ మీద, ఒక్కొక్కరే విడిగా గడియారంతో పోటీపడే కాలపరీక్షలో దాన్ని ఇదే పొగాచర్‌కు పోగొట్టుకున్నవాడు. 2022లో కూడా నాయకుడిగానే బయలుదేరి, ఐదో మజిలీలో కిందపడి భుజం తప్పి కాలం నష్టపోయాడు. తన ఆశ అడుగంటిన తరువాత, తనను ఒకనాడు ఓడించిన స్వదేశీయుడిపై మరొకరి గెలుపు కోసం తన మిగిలిన శక్తినంతా గాలిబియె మీద ఖర్చు చేశాడు. అతణ్ణి ‘సహాయకుడు’ అంటే మాట చాలదు, ‘సేవకుడు’ అంటే అబద్ధమవుతుంది. ఆ రోజు అతడు బంటు అయ్యాడు అంటే వాక్యం నిండుగా నిలుస్తుంది. బంటుతనం పుట్టుకతో వచ్చే కులం కాదు, ఆ రోజుకు తలకెత్తుకున్న కొలువు.

అదే పందెంలో 18వ మజిలీలో హాటకామ్ కొండ మీద వింగెగార్డ్ జట్టులోనే ఉన్న వౌట్ వాన్ ఆర్ట్ చేసినది మరో రకం బంటుతనం. అతడు ఉదయాన్నే ముందు పారిపోయిన గుంపులో చేరి, కొండ మీద వింగెగార్డ్, పొగాచర్ తన దగ్గరకు చేరుకున్నాక పక్కకు తప్పుకోకుండా వింగెగార్డ్ కోసం వేగం అందుకున్నాడు, ఆ వేగానికి పొగాచర్ జారిపోయాడు. ముందుగా పంపి దారిలో నిలిపే ఈ మనిషికి ఇంగ్లీషువారు ‘ఉపగ్రహం’ అనే మాట వాడతారు. మనకు అంత దూరం పోవలసిన పని లేదు, ‘ముందు నిలిపిన బంటు’ అంటే చాలు. చదరంగం ఆడేవారికి వెంటనే అర్థమవుతుంది.

చదరంగం ప్రస్తావన వచ్చింది కనుక ఆ అభ్యంతరాన్ని కూడా తేల్చుకుందాం. చదరంగంలో బంటు చంపించడానికే ఉంటుందని, కాబట్టి ఆ మాట మనిషిని అవమానిస్తుందని ఒక సభ్యురాలు రాశారు. నేను ఆ వాదనను తోసిపుచ్చను. పందెంలో కూడా ఎక్కువమంది బంట్లు కొండ మొదట్లోనే కాళ్ళు ఖాళీ చేసుకొని, వెనుక వచ్చే గుంపుతో కలిసి గడువు లోపల చేరితే చాలనుకునే స్థితికి వస్తారు. అయితే చివరి గడికి చేరిన బంటు మంత్రి అవుతుందన్న నియమం కూడా ఆ ఆటలోదే. 2023 వుయెల్టాలో సెప్ కస్ విషయంలో అదే జరిగింది. రోగ్లిచ్‌కూ వింగెగార్డ్‌కూ కొండల మీద ఏళ్ళ తరబడి దారి వేసిన ఈ అమెరికన్ ఒక దూరపు గుంపులో చేరి కాలం సంపాదించి, వుయెల్టాలో ముందున్నవారు వేసుకునే ఎర్ర చొక్కా అందుకున్నాడు. అంగ్లిరు కొండ మీద అతని సొంత నాయకులిద్దరూ అతణ్ణి వెనుక వదిలి వెళ్ళిపోగా, చొక్కా అతని దగ్గర కేవలం 8 సెకన్ల తేడాతో మిగిలింది. ఆ తరువాత జట్టు అతని పక్షాన నిలిచింది. కస్ మొదట, వింగెగార్డ్ రెండు, రోగ్లిచ్ మూడుగా ఒకే జట్టు మూడు స్థానాలూ తీసుకుంది. అంగ్లిరు మీద ఆ ఇద్దరు చేసినది నాకు న్యాయమనిపించలేదు. నమ్మినబంటుకు ఏలిక రుణపడి ఉంటాడన్నది మన మాటలోనే ఉన్న షరతు.

స్త్రీల పందెంలో ఈ మాట ఎలా నిలుస్తుందని మరో ప్రశ్న వచ్చింది. ‘సేవకుడు’, ‘సహాయకుడు’ వంటి మాటలకు స్త్రీలింగ రూపం వెతుక్కోవాలి. ‘బంటు’కు ఆ అవసరం లేదు, డచ్చి సైకిలిస్టు డెమి వోలరింగ్ జట్టులోని ఒకరి గురించి ‘ఆమె వోలరింగ్‌కు నమ్మినబంటు’ అని మార్పు లేకుండా రాయవచ్చు. నిజానికి బంటు లేకపోతే ఏమవుతుందో చూపే ఉదాహరణ కూడా అక్కడే ఉంది. 2024 స్త్రీల టూర్ ఐదో మజిలీలో పసుపు చొక్కాలో ఉన్న వోలరింగ్ ముగింపుకు కొద్ది దూరంలో పడిపోయింది. ముందు గుంపులో మిగిలిన ఆమె జట్టు సభ్యురాలు బ్లాంకా వాస్ ఆ మజిలీని గెలిచింది, వోలరింగ్ మాత్రం నిమిషంన్నరకు పైగా నష్టపోయింది. చివరి రోజు ఆల్ప్ దుయెజ్ కొండను అందరికన్నా ముందు ఎక్కినా, పోలండ్‌కు చెందిన కాషా నెవియాదోమా చేతిలో మొత్తం మీద 4 సెకన్ల తేడాతో ఓడిపోయింది. ఎక్కడో ఒక్క బంటు వెనక్కి ఆగి కొంత దూరం గాలి కాచి ఉంటే ఆ 4 సెకన్లు మిగిలేవని నేను నమ్ముతున్నాను.

ఈ మాట సరిపోని చోటు ఒకటి ఉంది, దాన్ని దాచను. 1985 టూర్‌లో అమెరికన్ గ్రెగ్ లెమాండ్ తన జట్టులోనే ఉన్న ఫ్రెంచి సైకిలిస్టు బెర్నార్ ఇనోకు సాయపడ్డాడు, మరుసటి ఏడు తాను లెమాండ్‌కు సాయపడతానని ఇనో మాట ఇచ్చాడు. కానీ 1986లో ఇనో మాటిమాటికీ ముందుకు దూకి లెమాండ్‌ను ఇరకాటంలో పెట్టాడు. ఒకే జట్టు చొక్కా వేసుకున్న ఆ ఇద్దరిలో ఎవరూ ఎవరికీ బంటు కారు, చివరికి లెమాండ్ గెలిచాడు. అటువంటి జంటకు ‘ఇంటి ప్రత్యర్థులు’ అనడం నయం. ‘దాయాదులు’ అన్న మాట కూడా తట్టింది గాని అందులో పంపకాల కక్ష ఎక్కువై, ఆల్ప్ దుయెజ్ ముగింపు గీతను ఆ ఇద్దరూ చేయీ చేయీ కలిపి దాటిన దృశ్యానికి చోటు మిగలదు.

వాడుక విషయంలో నా సూచనలు ఇవి. విడిగా ‘బంటు’, బహువచనంలో ‘బంట్లు’, కొండల్లో చివరిదాకా నాయకుడి పక్కన మిగిలేవారికి ‘కొండబంటు’, గెలిచే సత్తా ఉండి కూడా కొలువుకు ఒప్పుకున్నవారికి ‘నమ్మినబంటు’. చదును నేల మీద రోజంతా గుంపు ముందు గాలి కాచే భారీ మనుషులకు ‘గాలిబంటు’ అనవచ్చా అన్నది నేనింకా ఆలోచిస్తున్నాను. ‘గాలి’కి మన వాడుకలో ఉన్న తేలిక అర్థం అక్కడ అడ్డు వస్తోంది, ఇంతకన్నా మంచి మాట ఉన్నవారు తప్పక రాయండి.