ట్రాక్ ఉన్న బాబుకు ఇంట్లో నర్సు: మా జీతాలకు మెడికెయిడ్ వస్తుందా?

ప్రశ్న:
నమస్కారమండీ. మేం జార్జియాలో, అట్లాంటా దగ్గర ఉంటాం. బాబుకి రెండేళ్లు. గొంతుకి ట్రాక్ (ఊపిరి కోసం గొంతులో రంధ్రం చేసి పెట్టే గొట్టం) వేశారు, రాత్రిళ్లు వెంటిలేటర్ మీద ఉంటాడు, పాలు జీ-ట్యూబ్‌తోనే (నేరుగా పొట్టలోకి పెట్టిన గొట్టం). వచ్చే నెల డిశ్చార్జ్ అంటున్నారు. మా ఇన్సూరెన్స్ వాళ్లు నర్సు వచ్చి చూసి వెళ్లడానికే కడతారట, గంటల తరబడి ఇంట్లో ఉండే నర్సుకి కట్టరట. సోషల్ వర్కర్ మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా) పెట్టమంది. మేమిద్దరం సాఫ్ట్‌వేర్, హెచ్1బీ. బాబు ఇక్కడే పుట్టాడు. మాకెలా ఇస్తారు? ఇండియా నుంచి అత్తయ్య వస్తానంటున్నారు గానీ వీడియో కాల్‌లో ట్రాక్ చూసే ఆవిడకి కళ్లు తిరిగాయి. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
మీ జీతాలు లెక్కలోకి రాకుండా ఒక దారి ఉందమ్మా. ‘కేటీ బెకెట్’ మెడికెయిడ్ అని అడగండి. కేటీ అయోవా పాప, వెంటిలేటర్ మీద ఉండేది. ఆస్పత్రిలో ఉన్నంతకాలం మెడికెయిడ్ కడుతుంది, ఇంటికి తీసుకెళ్తే అమ్మానాన్నల ఆదాయం అడ్డొస్తుంది. 1981లో ఆ సంగతి ప్రెసిడెంట్ రీగన్ దాకా వెళ్లింది. మరుసటి ఏడే చట్టం మార్చి, ఇలాంటి పిల్లలకు తల్లిదండ్రుల ఆదాయం చూడకుండా ఇచ్చే వీలు రాష్ట్రాలకు కల్పించారు. జార్జియాలో అది ఉంది.

చూసేది బాబు సొంత ఆదాయం, సొంత ఆస్తి. ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు. తాతగారు ముద్దుగా వాడి పేరున బ్యాంకులో ఏమైనా వేసి ఉంటే ముందే చూసుకోండి. ఆస్పత్రిలోనో నర్సింగ్ ఫెసిలిటీలోనో పెట్టాల్సినంత అవసరం ఉందని డాక్టరు డీఎంఏ-6ఏ ఫారంలో రాయాలి. ఇంట్లో చూసుకుంటే అయ్యే ఖర్చు అక్కడి ఖర్చును మించకూడదు.

కార్డు రాగానే నర్సు వచ్చేయదు. దానికి జార్జియా పీడియాట్రిక్ ప్రోగ్రామ్, అందరూ ‘గ్యాప్’ అంటారు, అక్కడ వేరే అనుమతి కావాలి. డిశ్చార్జ్ దాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టించండి. ఇన్సూరెన్స్ వాళ్లు కట్టం అన్నది కాగితం మీద తీసుకోండి. ముందు వాళ్లు, తర్వాతే మెడికెయిడ్.

జబ్బు పేరు ఎంత పెద్దదైనా దాన్ని చూసి నర్సు గంటలివ్వరు. నర్సే చేయాల్సిన పని ఎంతుందో చూస్తారు. ‘తరచూ సక్షన్ (ట్రాక్‌లోని కఫాన్ని మెషీన్‌తో లాగడం) అవసరం’ అన్న ఉత్తరం దండగ. ఆస్పత్రిలోనే ఒక నోట్‌బుక్ పెట్టండి: ‘రాత్రి 2:10, రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ 86, సక్షన్, చిక్కటి కఫం, ఆక్సిజన్ పెంచాం, 2:16కి 95.’ ఇలాంటివి కొన్ని పేజీలుంటే డాక్టరు ఉత్తరానికి బలం. ఒక్క జీ-ట్యూబ్ ఫీడింగ్ చూపించి ఎక్కువ గంటలు అడిగితే నిలవదు. మీవాడికి ట్రాక్, రాత్రి వెంటిలేటర్ ఉన్నాయి కాబట్టి అవే ముందుంచండి. మీ డ్యూటీ టైమింగ్స్, రాత్రి ఎవరు మెలకువగా ఉంటారు, ఇవీ రాయండి.

జవాబు 2:
హెచ్1బీ గురించి: దరఖాస్తు బాబు పేరున, బాబు సిటిజన్. 2022 పబ్లిక్ చార్జ్ రూల్ (ప్రభుత్వ సాయం మీద ఆధారపడేవాళ్లకు గ్రీన్ కార్డు నిరాకరించే నిబంధన) ప్రకారం పిల్లాడు తీసుకునే సాయాన్ని మీ గ్రీన్ కార్డులో లెక్కించరు. కానీ ఆ రూల్స్ ప్రభుత్వం మారితే మారుతుంటాయి, అప్లై చేసే ముందు అటార్నీని ఒక్క మాట అడగండి. వాట్సాప్ ఫార్వర్డ్‌లు చూసి మానేయకండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. ఒకసారి ఇచ్చిన గంటలు తర్వాత తగ్గిస్తారని విన్నాను, నిజమేనా?

జవాబు 3:
నిజమే. ‘తల్లి నేర్చుకుంది కదా’ అని మాకూ తగ్గించబోయారు. నోటీసు రాగానే తేదీ చూడండి. తగ్గింపు అమలయ్యే తేదీ కంటే ముందే ఫెయిర్ హియరింగ్ (ఆ నిర్ణయం మీద అప్పీలు విచారణ) అడిగితే, తేలేదాకా పాత గంటలు సాగుతాయి. ఓడితే ఆ ఖర్చు వెనక్కి అడిగే వీలుంది, అది తెలిసే అడగండి. 21 లోపు పిల్లలకు అవసరమైన వైద్యం రాష్ట్రం ఇచ్చి తీరాలన్నది ఫెడరల్ చట్టం, ఈపీఎస్‌డీటీ. జార్జియాలోనే ఒక అమ్మాయికి డాక్టరు వారానికి 94 గంటలు రాస్తే రాష్ట్రం 84 చేసింది. 2011లో 11వ సర్క్యూట్ కోర్టు (ఫెడరల్ అప్పీళ్ల కోర్టు) ఏమందంటే, డాక్టరు మాటే ఆఖరిది కాదు, రాష్ట్రానిదీ కాదు, ఇద్దరికీ పాత్ర ఉంది అని. అందుకే డాక్టరు ఉత్తరంలో ప్రతి గంటకీ కారణం ఉండాలి.

ఇంకో బెడద, గంటలు మంజూరైనా నర్సులు దొరకరు, రాత్రి షిఫ్టుకి మరీ కష్టం. ఒక్క ఏజెన్సీనే నమ్ముకోకండి, రెండు మూడింట్లో అడిగి పెట్టండి. నర్సు రాని రోజులన్నీ తేదీలతో రాసి కేస్ మేనేజర్‌కి ఈమెయిల్ చేస్తూ ఉండండి, ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. మీరిద్దరూ ట్రాక్ మార్చడం నేర్చుకోనిదే ఎలాగూ డిశ్చార్జ్ చేయరు. అత్తయ్యగారికి వంట అప్పజెప్పండి, అదే పెద్ద సాయం.